నలభై ఆరింటి దొడ్డి

రోహిణి కార్తె, రెండో రోజు

మా కొట్టం నడిపే సఫియా మేడం ఈ పుస్తకం ఇచ్చి రోజూ రాయమంది. నేను ఐదో తరగతి దాకే చదివానని చెప్పాను.

"ఐదు చాలు తాతా. నీ చెయ్యి ఎటు పోయిందో యంత్రం చూస్తది. ఎందుకు పోయిందో దానికి తెల్వదు. అది నువ్వు రాయాలె," అంది.

కార్తె ముగిసిన రోజు తీసుకుని చదువుతుందట. నా పేరు బీరయ్య. ఆరో గ్యాలరీలో కణాల కొట్టంలో సర్దేవాణ్ణి. ఈ రోజు పదకొండు కణాలు సర్దాను. అన్నీ చర్మానివి.

'ఎందుకు' అన్నది రాయడం రావడం లేదు. రేపు చూస్తాను.

రోహిణి, మూడో రోజు

నా ముందు గాజు పళ్ళెం ఉంటుంది. కణం నడుమ ఉండే కేంద్రకం అందులో గుమ్మడికాయంత అయి కనిపిస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని వేళ్ళు కదిపితే లోపల సన్నటి వెలుగు వేళ్ళు కదులుతాయి.

కేంద్రకం ఒక దొడ్డి. చుట్టూ ఉన్న పొర కంప. లోపల నలభై ఆరు ఉంటాయి. మేడం వాటిని క్రోమోజోములు అంటుంది. పక్క బల్ల ఓదేలు మగ్గమున్న ఇంట్లో పుట్టాడు, అందుకని పోగులు అంటాడు. నేను పైకి ఏమీ అనను. లోపల మాత్రం గొర్రెలనే అనుకుంటాను. నలభై ఏళ్ళు వాటి వెనకే తిరిగాను. ఎండలకు అవి పోయాక ఈ పనికి వచ్చాను.

కొత్తవాళ్ళు చూసి అంతా చిక్కుపడి ఉందంటారు. చిక్కు కాదు. దేని చోటు దానిది. పద్దెనిమిదో నంబరు జత, పందొమ్మిదో నంబరు జత ఇంచుమించు ఒకే పొడుగు. పద్దెనిమిది మందకొడి. గోడ వారన పడుకుంటుంది. పందొమ్మిదికి పని ఎక్కువ, నడుమ తిరుగుతుంది. లోపల ఒక నల్లటి బొట్టు ఉంటుంది, అది నీళ్ళ తొట్టి. పదమూడు, పద్నాలుగు, పదిహేను, ఇరవై ఒకటి, ఇరవై రెండు, వీటికి ఆ తొట్టి కావాలి. చుట్టూ చేరి మూతులు పెడతాయి. ఆడవాళ్ళ కణమైతే ఎక్స్ అనేవి రెండుంటాయి. ఒకటి మేలుకుని పని చేస్తుంది. రెండోది ముడుచుకుని గోడకు ఆనుకుని నిద్రపోతుంది. దాన్ని నేను కదపను.

పెంచిన కణాల్లో ఈ చోట్లు చెదిరిపోతాయి. అప్పుడు చర్మానికి తాను చర్మమన్న సంగతి గుర్తుండదు. అందుకని ముందు నలభై విత్తన కణాలను చేత్తో సర్దుతాం. మిగతావి వాటిని చూసి పెరుగుతాయి. గోడ వారన ఉండాల్సినవాటిని గోడకు చిన్న కట్టు వేసి వదులుతాం. కట్టడంలో నాకు పేరుంది. గొప్పకు రాయలేదు. మేడం అడిగింది కాబట్టి రాశాను.

రోహిణి, ఆరో రోజు

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఊరంతా దీపాలు ఆర్పుతారు. పైన నేల మండే వేళ అది. కరెంటంతా గాలి పంకాలకే కావాలి. నేను పుట్టినప్పుడు ఇది బొగ్గు గని. ఇప్పుడు పదకొండు వేల మందికి ఇల్లు.

దీపాలు ఆరగానే అందరూ ఉన్నచోటే కూలబడి నిద్రపోతారు. నా భార్య సత్తవ్వ ఒక్కతే తిరుగుతుంది. ఆమెకు మూడేళ్ళ నుంచి కళ్ళు తగ్గాయి. మొదట రేచీకటి అన్నారు. ఈ గనిలో ఎప్పుడూ మసక వెలుగే కాబట్టి రేచీకటి ఉన్నవాళ్ళకు ఇరవై నాలుగు గంటలూ రాత్రే. అడుగులు లెక్కపెట్టుకుని నడుస్తుంది. చీకట్లో నీళ్ళ కుండ దాకా పోయి చుక్క ఒలకకుండా చెంబు తెస్తుంది.

"దీపాలు ఆరినంక అందరు నా తోటోళ్ళే," అంటుంది. "నాకు పన్నెండు కొడితే మస్తు సంబురం."

డాక్టర్లు చూశారు. కంటి లోపలి పొరలో మసక వెలుగును పట్టే కణాలు చచ్చిపోయాయట. కొత్తవి పెంచి నాటవచ్చని నాలుగు కార్తెల కిందే మొదలుపెట్టారు. కానీ నాటే మడి ఎండిపోతోంది. పునర్వసు కార్తె దాటితే ఇక నాటినా పట్టదన్నారు.

రోహిణి, తొమ్మిదో రోజు

సత్తవ్వ కంటి కణాలు కొట్టానికి వచ్చాయి. మా కొట్టంలో కంటి పని ఇదే మొదలు. సొంతవాళ్ళ కణాలు ముట్టకూడదని ఇక్కడ నియమం. ప్రేమ ఉన్న చెయ్యి నిలవదంటారు. అందుకని ఓదేలుకు ఇచ్చారు. అతన్ని ముందే మూడు రోజులు కింది గదికి తీసుకుపోయి నేర్పించారు. ఏం నేర్పించారో నాకు చెప్పకూడదు. అదీ నియమమే.

ఓదేలు సత్తవ్వను చెల్లె అంటాడు. నన్ను బావ అంటాడు.

"మా చెల్లె కండ్లు నా చేతుల వడ్డయి బావా. నీ నసీబు మంచిగున్నది."

"జర పైలం," అన్నాను.

"పైలమా? ఎంట్రుకసోంటి పోగును ముప్ఫై ఏండ్లు పట్టిన చెయ్యి గిది. గొర్ల తోకలు పట్టినోనివి నువ్వు, నాకు పైలం చెప్తున్నవా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఈ మధ్య అతని చేతిలో టీ గ్లాసు వణుకుతోంది. రెండుసార్లు చూశాను.

రోహిణి, ఆఖరి రోజు

మేడం పుస్తకం చదివి తిరిగి ఇచ్చింది. నీళ్ళ తొట్టి అని రాసిన దగ్గర నవ్విందట. "ఇట్లనే రాయి తాతా," అంది.

మృగశిర కార్తె, మొదటి రోజు

మిరుగు కదా, చేప తినాల్సిన రోజని గని చెరువు చేపలు మనిషికొకటి పంచారు. సత్తవ్వ పులుసు పెట్టింది. ముళ్ళు ఆమెకు కనబడవు. నేను తీసి పళ్ళెంలో పెట్టాను. కొంచెం జాస్తిగానే తీసినట్టున్నాను.

"ముల్లు తీసినవా, చేప తీసినవా?" అంది.

నా పళ్ళెంలోది కూడా ఆమెకు వేశాను. తెలియదనుకున్నాను. "నీది నువ్వు తినయ్యా, సప్పుడు వినవడుతలేదు," అంది.

మృగశిర, రెండో రోజు

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. ఎందుకు చేశానో రాయమన్నారు. రాస్తాను.

మధ్యాహ్నం దీపాలు ఆరాక నీళ్ళకు లేచాను. ఓదేలు అప్పటికే తిని తన గదికి పడుకోవడానికి పోయాడు. అతని పళ్ళెంలోని వెలుగు ఆరదు. పోతూ పోతూ చూశాను. చూడకూడదు. చూశాను.

పద్దెనిమిది నడుమ ఉంది. బరువువన్నీ నడుమ కుప్పగా పడి ఉన్నాయి. పందొమ్మిదిని గోడకు తోసేశారు. నిద్రపోయే ఎక్స్ ఆ కుప్ప కింద ఎక్కడో ఉంది. పక్క కణం చూశాను. అదీ అంతే.

ఓదేలు చేతులు పాడైపోయాయి అనుకున్నాను.

మా కురుమవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పక్కవాడి మంద చెదిరిపోయి కనిపిస్తే చూసినవాడు మళ్ళేసి దొడ్డికి చేర్చి తన దారిన తాను పోతాడు. చెప్పడు. చెబితే నీకు కాపలా చేతకాదని ముఖాన అన్నట్టు. మా అయ్య ఒకసారి అలా ఒక వంద గొర్రెలను చేర్చి వచ్చాడు. ఎవరివో మాకు కూడా చెప్పలేదు.

అతని తొడుగులు వేసుకున్నాను, యంత్రానికి అది అతని చెయ్యే. ఒక కణం సర్దాను. పద్దెనిమిదిని గోడకు తెచ్చి కట్టు వేశాను. సత్తవ్వ ఎక్స్ ను కుప్పలోంచి తీసి గోడ వారన పడుకోబెట్టాను. అప్పుడు తెలిసింది నియమం ఎందుకు పెట్టారో. కట్టు రెండుసార్లు తప్పి మళ్ళీ వేశాను.

కార్తె ముగిశాక మేడం ఈ పేజీ చదువుతుంది. అప్పటికి అన్నీ సర్దేసి ఉంటాయి.

మృగశిర, మూడో రోజు

నాలుగు కణాలు.

మృగశిర, నాలుగో రోజు

ఐదు.

మృగశిర, ఆరో రోజు

నిన్న సర్దినవాటిలో రెండు మళ్ళీ చెదిరాయి. కట్లు తెగి ఉన్నాయి. ఈసారి జంట కట్టు వేశాను. మొత్తం పద్దెనిమిది కణాలు అయ్యాయి.

ఓదేలు పొద్దున టీ తాగలేదు. అడిగాను.

"ఆకలైతలేదు బావా."

టీకి ఆకలి దేనికి అని అడగాల్సింది. అడగలేదు.

మృగశిర, ఎనిమిదో రోజు

ఓదేలు మాట్లాడటం మానేశాడు. కొట్టంలో పాటలు పాడేది అతనే. ఇప్పుడు పంకాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముఖం పళ్ళెంలోకి వంచి కళ్ళు నులుముకుంటాడు. చేతులు చూసుకుంటాడు.

సత్తవ్వ అడిగింది, మా అన్న ఎట్లున్నడని. బాగున్నాడని చెప్పాను.

"నా కండ్ల పని ఎట్ల నడుస్తుంది?"

"నాకు చెప్పరు కదనే."

"నీ గొంతుకు తెలిసినట్టుంది," అంది. పుల్లలు చేటలోంచి ఏరుతూ నా వైపు చెవి తిప్పింది. నేను దగ్గి బయటికి వచ్చాను.

మృగశిర, పదకొండో రోజు

ముప్ఫై ఒక్క కణాలు పూర్తయ్యాయి. తొమ్మిదే మిగిలాయి.

పొద్దున ఓదేలు తొడుగులు విప్పి బల్ల మీద పెట్టాడు. మడత పెట్టి మరీ పెట్టాడు.

"రేపటి సంది రాను బావా. నా చేతులు సచ్చిపోయినయి. చెల్లె కండ్లు నేనే ఖరాబు చేసిన."

నేను తొడుగులను మళ్ళీ అతని ముందుకు జరిపాను.

"పొద్దుగాల నడుమ పెట్టి పోతున్న. పండుకుని వచ్చేసరికి గోడకు పోయి కూసుంటున్నయి. మేడం ముందుగాల్నే చెప్పింది, పాత అలవాటుతోటి వాటంతటవే గోడకు కట్లు ఏసుకుంటయని. కట్లు ఏసుకుంటె నడుమకు తొయ్యమన్నది. ఎంత తోసినా ఉంటలెవ్వు. నా తోటి కాదు."

నడుమ పెట్టి, అన్నాడు.

నడుమ పెట్టడమే పని అని నాకు అప్పుడు తెలిసింది.

అతను మేడం గదికి పోయాడు. నేను వెనకే పోయాను. ఈ పుస్తకం సంకలో ఉంది. మృగశిర రెండో రోజు పేజీ తీసి మేడం చేతిలో పెట్టాను.

నిలబడే చదివింది. పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఏం రాసి ఉన్నది?" అన్నాడు ఓదేలు.

మేడం పైకి చదివింది. అతని చేతులు పాడైపోయాయని నేను అనుకున్న మాట దగ్గర ఆగింది. తర్వాత అదీ చదివింది. నేను నేలకేసి చూస్తున్నాను.

ఓదేలు ముందు తన రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు. తిప్పి కూడా చూసుకున్నాడు.

"అంటే నా చేతులు మంచిగనే ఉన్నయా?"

"మంచిగనే ఉన్నయి ఓదేలు కాకా," అంది మేడం.

"దేవుడా!" అని కూర్చున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "ఓరి గొర్ల బీరిగా! తొమ్మిది దినాలు నాకు బువ్వ సయించలే. రాత్రి లేసి సూదిల దారం ఎక్కించి చూసుకున్న, చెయ్యి నిలుస్తుందా లేదా అని. ఒక్క మాట అడిగితే నీ నోరు అరుగుతదా?"

అరగదు. కానీ రాదు.

మేడం కూర్చోమంది. నెమ్మదిగా చెప్పింది.

"రాత్రి తిరిగే జంతువులుంటయి కదా తాతా, పిల్లి, ఎలుక. వాటి కంట్ల ఈ కణాలలో దొడ్డి తిరగబడి ఉంటది. బరువువన్ని నడుమకొచ్చి ఒక్క ముద్ద అయితయి. ఆ ముద్ద చిన్న అద్దం లెక్క వెలుగును చెదరనియ్యకుండ కిందికి దించుతది. మనుషులకు గట్ల ఉండదు. మనం ఈ గనిల బతుకుతున్నం కాబట్టి అవ్వకు గట్ల చేద్దామనుకున్నం."

"మళ్ళీ చేస్తే?" అన్నాడు ఓదేలు.

"కొత్త కణాలు పెంచాలంటే నాలుగు కార్తెలు. అవ్వకు రెండే ఉన్నయి."

నా తొడుగులు తీసుకున్నారు. న్యాయమే.

మృగశిర, పన్నెండో రోజు

ఇంట్లోనే ఉన్నాను. ఎందుకు పోలేదంది సత్తవ్వ. చెయ్యి నొప్పి అన్నాను.

నువ్వుల నూనె వెచ్చచేసి తెచ్చింది. నా కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ లాగి రాసింది. కట్లు వేసిన వేళ్ళే అవి.

"గింత పని చేపిస్తరా ముసలోనితోని," అని మేడాన్ని తిట్టింది. నేను వద్దే అన్నాను. ఎడమచెయ్యి కూడా ఇమ్మంది.

మృగశిర, పదమూడో రోజు

నిద్ర పట్టలేదు. గొర్రెల గురించి ఆలోచిస్తూ పడుకున్నాను.

దొడ్డి ఉన్నచోట బరువైన గొర్రెలు కంపకు వీపు ఆనించి పడుకుంటాయి. ఆనుకోవడానికి అక్కడ ఏదో ఉంది కాబట్టి. బయలు మీద, కంప లేనిచోట మంద పెట్టినప్పుడు వేరు. అప్పుడు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. బరువువి నడుమకు చేరి ముద్దగా పడుకుంటాయి. పడుచువి చుట్టూ తిరుగుతాయి. వాటిని ఎవరూ నడుమకు తొయ్యరు. తోస్తే బెదిరి చెదురుతాయి.

పొద్దున్నే మేడం దగ్గరికి పోయాను. దారిలో చెప్పాల్సింది నాలుగుసార్లు అనుకున్నాను.

"తొయ్యొద్దు బిడ్డా. కట్లు విప్పండి. వాటంతటవే పోతయి."

మేడం ఏదో పాత పాఠం తీసింది. రాత్రి జంతువుల కంటి కణాల్లో గోడ కట్లు అసలు ఉండవట, అందుకే అవి నడుమకు చేరతాయట. "మనం కట్లు ఉంచి తోస్తున్నం," అంది తనలో తానే. తర్వాత తల ఊపింది. "కానీ తాతా, నువ్వేసినవి జంట కట్లు. లాగితే గోడే చిరుగుతది. దొడ్డంత పోతది."

ఓదేలు అక్కడే ఉన్నాడు. "ముడిని లాగేటోడు నేతగాడు కాదు మేడం. పోగు తెగకుండ ముడి ఎట్ల వదులు చెయ్యాల్నో మా అవ్వ నాకు ఆరేండ్లప్పుడు నేర్పింది. కానీ కనవడాలె కదా. గీయన ఏసిన ముడులు గోడ మడతలల్ల దాక్కున్నయి. ఏది యాడ ఉన్నదో ఎవనికెరుక?"

"నాకెరుక," అన్నాను.

"ముప్ఫై ఒక్క దొడ్లు. దొడ్డికి ఇరవై ముడులు. అన్నీ?"

"అన్నీ."

గొర్రె చెవి చిరుగు చూసి ఎవరిదో చెప్పేవాణ్ణి. ఇది అంతకంటే కష్టమేమీ కాదు.

మేడం ఒప్పుకుంది. నా చేతులు మాత్రం తొడల కింద పెట్టుకుని కూర్చోమంది.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు

ఓదేలు పక్కన కూర్చున్నాను. చేతులు తొడల కింద. రోజంతా మాట్లాడాను.

"ఎడమ దిక్కు. ఇంకొంచెం కిందికి. ముడత ఉన్నది కదా, దాని వెనక."

"లేదు ఇక్కడ."

"ఉన్నది. నాలుగోదాని వీపు మీద చెయ్యి పెట్టి నెమ్మదిగ జరుపు. కనవడుతదా?"

"ఆఁ, దొరికింది దొంగది. గిదేం ముడి బావా? మేక మెడకు ఏసే ముడి ఏసినవ్ కదనే!"

"గొర్రెకు."

"ఏదైతేంది! ఎద్దును కట్టినా విడువదు గిది."

మా పెళ్ళయిన కొత్తలో కూడా నేను ఇన్ని మాటలు మాట్లాడలేదు. సాయంత్రానికి గొంతు పోయింది. మొదటి కణంలో గోడ చిరిగింది. లోపలివన్నీ బయటికి జారి, నీళ్ళలో వేసిన ఉప్పులా కనబడకుండా పోయాయి. ఇద్దరం కాసేపు దాన్ని చూశాం. రెండోది నిలిచింది.

ఆరుద్ర, ఐదో రోజు

పదిహేడు కణాలు విప్పాడు. రెండు చిరిగాయి. విప్పినవాటిలో ఏమీ కదల్లేదు. ఎక్కడివి అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాయి. కట్టు లేకపోయినా.

"అలవాటైపోయింది వాటికి," అన్నాడు ఓదేలు. "మనిద్దరి లెక్కనే."

మేడం గోడ మీది తేదీలు చూసింది.

నేను తొయ్యొద్దనే అన్నాను. కానీ రాత్రి నాకూ తొయ్యాలనిపించింది.

ఆరుద్ర, ఏడో రోజు

రెండో కణంలో పద్దెనిమిది గోడ వదిలింది. వెంట్రుకవాసి. యంత్రం కొలిచి అవునంది. నాకు యంత్రం కంటే ముందే కనిపించింది. పడుకున్న గొర్రె లేచే ముందు వెనక కాళ్ళు సర్దుకుంటుంది, అలా.

ఆరుద్ర, పదో రోజు

పోతున్నాయి. ఒకటి వెనక ఒకటి. బరువువి బరువువాటిని వెతుక్కుని ఆనుకుంటున్నాయి. రెండు ముద్దలు ఒకటవుతున్నాయి. తేలికవి చుట్టూ చేరుతున్నాయి. సత్తవ్వ నిద్రపోయే ఎక్స్ అన్నింటికంటే ఆఖర్న కదిలింది. మెల్లగా పోయి ముద్ద అంచున చేరి మళ్ళీ పడుకుంది.

ఓదేలు పాట అందుకున్నాడు. గొంతు బాగాలేదు. ఎప్పుడూ బాగుండదు.

ఆరుద్ర, ఆఖరి రోజు

మొత్తం ముప్ఫై ఒకటిలో ఇరవై నాలుగు నిలిచాయి. నేను ముట్టని తొమ్మిదింటినీ ఓదేలు నడుమకు తోసి ఉంచాడు కదా, నా కట్లు విప్పే పనిలో వాటిని చూసేవాళ్ళు లేక అవి పాడైపోయాయని మేడం తీసేసింది. ఈ ఇరవై నాలుగూ పెరిగితే ఒక కంటికి సరిపోతాయి. ఒక్క కంటికే.

రెండో కన్ను పోయింది నా వల్ల.

మేడం ఇంటికి వచ్చి సత్తవ్వను అడిగింది, ఏ కన్ను కావాలని. కణాలు కొన్ని చెడిపోయాయని మాత్రం చెప్పింది. ఎవరి వల్లో చెప్పలేదు. బయటికి వచ్చాక ఓదేలు నా భుజం పట్టుకుని, "మేము చెప్పం. నువ్వే చెప్పాలె బావా," అన్నాడు.

సత్తవ్వ ఆలోచించలేదు. "ఎడమది చెయ్యి బిడ్డా. గీయన నా ఎడమ పక్కకు నడుస్తడు," అంది.

పునర్వసు కార్తె, పన్నెండో రోజు

నాటారు. మడి ఇంకా ఆరలేదట. కంటికి కట్టు కట్టి పంపారు. రెండు కార్తెలు ఆగాలి.

నేను కొట్టంలో నేల ఊడుస్తున్నాను. తొడుగులు ఇంకా ఇవ్వలేదు. మేడం పుస్తకం మాత్రం ఆపొద్దంది.

సత్తవ్వకు చెప్పాలని రోజూ అనుకుంటున్నాను. ఈ రోజు అన్నం తినేటప్పుడు "సత్తీ" అన్నాను. "ఏంది?" అంది. "ఉప్పు," అన్నాను.

ఆశ్లేష కార్తె, పదకొండో రోజు

పొద్దున కట్టు విప్పారు. సఫియా మేడం, ఓదేలు ఉన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చిన్న దీపానికి గుడ్డ చుట్టి పెట్టారు. ఈ కన్నుకు మసకే మేలట. మామూలు దీపం వెలుతురు పడితే గుచ్చుకుంటుంది, కొన్నాళ్ళు నీడ పట్టాలి అన్నారు.

సత్తవ్వ ముందు దీపం వైపు చూసింది. తర్వాత, "అన్నా, నీ అంగీ గుండీ తప్పు కాజాల పెట్టినవ్," అంది.

ఓదేలు చూసుకున్నాడు. నిజమే. గుండీ తీసి సరైన కాజాలో పెట్టుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. చేతులు బాగున్నాయి కానీ కళ్ళ నిండా నీళ్ళు.

ఆమె నా వైపు చూసింది. నేను కూడా చూశాను. ఇంటికి పోదామా అన్నాను.

మధ్యాహ్నం దీపాలు ఆరాయి. గాలి పంకా మీద నలుసంత వెలుగు చుక్క తప్ప ఏమీ లేదు. ఆమె మంచం మీద పడుకుంది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. చీకటి పడితే మనిషి తన ముఖాన్ని కాపలా కాయక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ నాకు చీకటంటే అందుకే ఇష్టం. వదిలేసి కూర్చున్నాను.

"ఎందుకేడుస్తున్నవ్?" అంది సత్తవ్వ.

"ఎవలేడుస్తున్నరు?"

"నువ్వే. ముక్కు కొసకు ఆగింది చూడు. తుడుసుకో."

తుడుచుకున్నాను. నాకు నా చెయ్యే కనబడటం లేదు.

"ఈ మూడేండ్లు గిట్లనేనా? దీపాలు ఆర్పినంక?"

ముఖం పక్కకు తిప్పాను.

"అటు తిప్పితే చెవి కనవడుతుంది. చెంప తడి కూడ." మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టుంది. "ఏందో చెప్పాల్నని ఉన్నది నీ మొఖంల. చెప్పు. చూస్తున్న."

"రెండో కన్ను నేనే పోగొట్టిన సత్తీ," అన్నాను.

ఆమె అడగలేదు. నేనే మొదలుపెట్టాను. పద్దెనిమిది నడుమ కనబడటం దగ్గర నుంచి, ఓదేలు తొడుగులు మడత పెట్టడం, ఆమె నా వేళ్ళకు నూనె రాయడం, అన్నీ చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆగినప్పుడల్లా "ఊఁ" అంది.

అయిపోయింది. ఆమె మాట్లాడలేదు. నాకు ఏమీ కనబడటం లేదు, ఆమె ముఖం ఎలా ఉందో తెలియదు. అలా కూర్చోవడం ఆమెకు మూడేళ్ళు ఎలా ఉండిందో అప్పుడు కొంచెం తెలిసింది.

"నా ఎక్స్ ను కుప్పల నుంచి తీసి పండుకోవెట్టినవా?" అంది చివరికి.

"ఆఁ."

"లేపకుండనా?"

"లేపకుండనే."

నవ్వింది. అవునో కాదో చూడటానికి నాకు వీలు లేదు. కానీ నవ్వే.

రెండు కొట్టింది. గ్యాలరీ దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. ఆమె అబ్బా అని తల వంచుకుంది. గుడ్డ కోసం నేను లేవబోయాను. లేవనివ్వలేదు. నా కుడిచెయ్యి వెతికి పట్టుకుని, తీసుకుపోయి ఎడమ కంటికి అడ్డం పెట్టుకుంది.